రాజోలు నుంచి ఎడిసన్ దాకా: అమ్మను చూడటానికి పట్టిన ఏడాది

మా అమ్మ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్‌లో మా అన్నయ్య ఇంట్లో ఉంటోంది. నాన్నగారు పోయిన తరువాత రాజోలు దగ్గర మా ఊళ్ళో అంత పెద్ద పెంకుటింట్లో ఆమె ఒక్కత్తీ ఉండటం ఎవరికీ మనస్కరించక, అప్పటికే అక్కడి పౌరుడైన అన్నయ్య గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసి తీసుకువెళ్ళాడు. మొదట్లో సంక్రాంతికి వచ్చి వెళుతూ ఉండేది కానీ, మోకాళ్ళ అరుగుదల ముదిరాక అన్ని గంటలు విమానంలో కూర్చోవడం తన వల్ల కాదని చెప్పేసింది. రోజూ ఫోనులో కనిపిస్తూనే "పిల్లను ఒకసారి తీసుకురావే" అని అడుగుతూ ఉండేది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు 2025 మార్చిలో అయిపోతాయి కనుక ఆ వేసవికి వెళదామని 2024 ఏప్రిల్‌లో నిర్ణయించుకున్నాము. ఏడాది ముందే ఆలోచించడం అతి జాగ్రత్త అని మా వారు నవ్వారు. చివరకు ఆ ఏడాది అంతా అవసరమే అయింది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. మా వారికి కొబ్బరితోట, రొయ్యల చెరువు ఉన్నాయి. చెరువులో రొయ్య పిల్లను వేశాక దాన్ని వదిలి ఆయన పాలకొల్లు కూడా రారు, ఇక అమెరికా మాట ఎత్తనే అక్కరలేదు. అందువల్ల నేనూ అమ్మాయీ మాత్రమే బయలుదేరడానికి సిద్ధమయ్యాము.

పాస్‌పోర్టులకు దిండి దగ్గర చించినాడ వంతెన దాటి భీమవరంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళాము. పెద్దవారికి 1500 రూపాయలు, మైనరుకు 1000 రూపాయలు కట్టాలి. లోపలి పని గంటన్నరలో ముగిసింది. ప్రభుత్వోద్యోగిని కాబట్టి పాస్‌పోర్టు తీసుకుంటున్నట్టు పై అధికారికి ముందుగా తెలియజేసిన లేఖ నకలు జత చేశాను. అమ్మాయి పాస్‌పోర్టు తొందరగానే ఇంటికి వచ్చింది కానీ, నాది పోలీసు విచారణ దగ్గర ఆగింది. మే 13న పోలింగు ఉండటంతో స్టేషన్ సిబ్బంది అంతా బందోబస్తులో ఉన్నారు. ఆ పోలింగుకు నేను కూడా ఎన్నికల విధుల్లోనే ఉన్నాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. జూన్ మూడో వారంలో గాని నా పాస్‌పోర్టు చేతికి రాలేదు.

వీసా దరఖాస్తు నింపడానికి మా చుట్టుపక్కల పట్టణాల్లో ఏజెంట్లు చాలామందే ఉన్నారు. ఒకాయన దరఖాస్తుకూ, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పడానికీ కలిపి తలకు ఎనిమిది వేలు అడిగాడు. నేనే నింపుకున్నాను, రెండు సాయంత్రాలు పట్టింది. అందులో గడచిన ఐదేళ్ళలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు కూడా అడుగుతారు. పద్నాలుగేళ్ళ పిల్ల వాటన్నిటినీ తల్లి ముందు చెప్పవలసి రావడం ఇంట్లో చిన్న గొడవకే దారి తీసింది. ఇంటిపేరు పొడి అక్షరాల్లో కాకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయాలి. నాకు పెళ్ళి తరువాత మారిన ఇంటిపేరు, అన్నయ్యకు పుట్టింటి ఇంటిపేరు ఉన్నాయి కనుక, మేము ఒకే తల్లి బిడ్డలమని చూపడానికి నా పదో తరగతి సర్టిఫికెట్టు తీసి పెట్టుకున్నాను.

వీసా రుసుము తలకు 185 డాలర్లు, అంటే అప్పటి లెక్కన దాదాపు పదహారు వేల రూపాయలు. వీసా వచ్చినా రాకపోయినా అది తిరిగి రాదు. రుసుము కట్టాక ఇంటర్వ్యూ తేదీ కోసం చూస్తే అన్నిటికంటే దగ్గరగా కనిపించినది 2025 ఫిబ్రవరి చివరి వారం, అంటే అమ్మాయి ప్రీ ఫైనల్ పరీక్షల మధ్యలో. ముందు ఆ తేదీనే తీసుకున్నాను. ఎవరైనా రద్దు చేసుకున్న ఖాళీలు అప్పుడప్పుడు కనిపిస్తాయని విని, రోజూ రాత్రి అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. డిసెంబరులో ఒక రాత్రి, సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో రెండు ఖాళీలు కనిపించాయి. 2025 జనవరి 1 నుంచి తేదీ మార్చుకోవడానికి ఉచితంగా ఒక్క అవకాశమే ఇస్తారనీ, ఆ తరువాత మళ్ళీ రుసుము కట్టాలనీ అప్పటికే ప్రకటించారు కాబట్టి చేయి వణికింది. మార్చేశాను.

పాలకొల్లులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి హైదరాబాదులో దిగాము. ఫోటో, వేలిముద్రలు మొదటి రోజున హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న కేంద్రంలోనూ, ఇంటర్వ్యూ మర్నాడు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లోనూ ఉంటాయి. కాన్సులేట్ లోపలికి ఫోను గాని సంచి గాని తీసుకుపోనివ్వరు. మేము మా మరిది కారులో అన్నీ వదిలేసి, కాగితాలున్న ఒక్క పారదర్శకమైన ఫైలుతో వరుసలో నిలబడ్డాము. ఆ ఫైలులో నా జీతం చీటీలు, పట్టాదారు పాస్‌పుస్తకం, చెరువు లైసెన్సు, అన్నయ్య పౌరసత్వం కాగితాలు, అమ్మ ఆపరేషన్ గురించి వైద్యుడు రాసిన ఉత్తరం ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఎవరూ చూడలేదు.

కిటికీ అవతల ఉన్న అధికారిణి వయసులో నాకంటే చిన్నది. ఎవరిని చూడటానికి వెళుతున్నారని అడిగింది, చెప్పాను. మీ అమ్మగారే ఇక్కడికి రావచ్చు కదా అని అడిగింది. ఏప్రిల్‌లో మోకాలి ఆపరేషన్ ఉందని చెప్పాను. మీ భర్త ఎందుకు రావడం లేదు అని అడిగితే రొయ్యల చెరువు సంగతి చెప్పాను. అప్పటిదాకా కంప్యూటరులోకి చూస్తున్న ఆమె తలెత్తి, ఎన్ని ఎకరాలని అడిగింది. తరువాత మా అమ్మాయి వైపు తిరిగి ఏ తరగతి, ఏ సబ్జెక్టు ఇష్టం అని అడిగి, పాస్‌పోర్టులు తన దగ్గరే ఉంచుకుని, వీసా మంజూరైందని చెప్పింది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. మా పక్క కిటికీలో, వరుసలో నిలబడినంతసేపూ జవాబులు బట్టీ పడుతున్న ఒక కుర్రవాడు పాస్‌పోర్టుతో పాటు తిరస్కరణ చీటీ తీసుకుని వెనక్కి తిరిగాడు. మా వెనుక నిలబడిన భీమవరం వైపు ముసలి దంపతులు కూతురి పురిటికి వెళుతున్నామని తెలుగులోనే, అదీ ఒకరి మాటకు ఒకరు అడ్డు వస్తూ చెప్పారు, వారికి వచ్చింది. ఇందులో లెక్క ఏమిటో నాకు బోధపడలేదు. ఎనిమిది వేలు తీసుకుని నేర్పేవారికి కూడా తెలుస్తుందని నేను అనుకోను. పాస్‌పోర్టులు తయారైనట్టు సందేశం వచ్చాక, మా ఉత్తరమూ గుర్తింపు కార్డుల నకళ్ళూ చూపించి మరిది తీసుకున్నాడు.

వీసా కంటే ఎక్కువ విసిగించినది మా శాఖ అనుమతి. ప్రభుత్వోద్యోగులు వేసవి సెలవుల్లో వెళ్ళినా విదేశానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఎక్కడ బస చేస్తారు, ఎప్పుడు తిరిగి వస్తారు అన్న వివరాలతో దస్త్రం పైపైకి వెళ్ళాలి. ఫిబ్రవరి మొదటి వారంలో పెట్టిన నా దరఖాస్తు మార్చి నెలాఖరున, ఒక జత నకలు తగ్గిందంటూ తిరిగి వచ్చింది. ఇచ్చిన జతలన్నిటికీ నా దగ్గర రసీదు ఉంది. అయినా మళ్ళీ ఇచ్చాను. ఈలోగా టికెట్ల ధర పెరుగుతోందని అన్నయ్య రోజూ ఫోను చేసేవాడు. అనుమతి రాకుండా టికెట్ కొనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఏప్రిల్ 15 దాటాక ఉత్తర్వు చేతికి వచ్చింది. ఫిబ్రవరిలో తలకు లక్షకు లోపు ఉన్న రానుపోను టికెట్టు అప్పటికి లక్షా ఇరవై ఎనిమిది వేలు అయింది. వేసవిలో వెళ్ళదలచిన ఉపాధ్యాయులు ఈ దస్త్రాన్ని వీసా రాక ముందే, దసరా నాటికే మొదలుపెట్టడం మేలు.

ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చాయి, మర్నాటి నుంచి సెలవులు. ఆ వారమంతా ఇల్లు ఆవకాయ ఘాటుతో నిండిపోయింది. అమ్మ చెప్పిన జాబితాలో ఆవకాయ, మాగాయ, ఆత్రేయపురం పూతరేకులు, మామిడి తాండ్ర, ఎండు రొయ్యలు ఉన్నాయి. అమెరికాకు మాంసం, పళ్ళు, పచ్చి కరివేపాకు తీసుకువెళ్ళకూడదు. మేము అబుదాబి మీదుగా వెళుతున్నాము కనుక గసగసాలు అసలే పనికిరావు, ఎమిరేట్స్‌లో వాటిని మాదకద్రవ్యంగా పరిగణిస్తారు. మా అత్తగారు దంచిన మసాలా పొడిలో గసగసాలు ఉన్నందున దాన్ని ఇంట్లోనే ఉంచి, అవి లేకుండా మళ్ళీ దంచాము. కోనసీమ నుంచి వెళుతూ ఎండు కొబ్బరి లేకుండా ఎలాగని పెద్దమ్మ తెచ్చి ఇచ్చింది గానీ, నూనె ఎక్కువ కాబట్టి నిప్పు అంటుకునే వస్తువుగా లెక్కగట్టి దాన్ని చెక్-ఇన్ సామానులో అనుమతించరని తెలిసి, ఆమె నొచ్చుకోకుండా తిరిగి ఇవ్వడానికి అరగంట పట్టింది. పచ్చళ్ళను డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు పాలిథిన్ సంచులు తొడిగి, మధ్యలో పాత తువ్వాళ్ళు కుక్కాము. ఒక్క చుక్క కారలేదు.

రాజమండ్రిలో విమానం ఎక్కి హైదరాబాదు చేరవచ్చు గదా అనిపిస్తుంది. అంతర్జాతీయ టికెట్టు మీద తలకు 23 కిలోల పెట్టెలు రెండు ఇచ్చారు గానీ, విడిగా కొన్న దేశీయ టికెట్టుకు 15 కిలోలే. మిగతా బరువుకు కట్టే డబ్బుతో కారు అద్దెకు వస్తుంది. మే 2న కారులోనే బయలుదేరాము.

అబుదాబిలో ఒక వింత ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ రెండూ అక్కడే, న్యూయార్కు విమానం ఎక్కకముందే పూర్తి చేస్తారు. అంటే అందులో మిమ్మల్ని కాదంటే అమెరికా గడ్డ కూడా తొక్కకుండా వెనక్కి రావాలి. ఈ సంగతి తెలియనివారు రెండు విమానాల మధ్య వ్యవధి తక్కువగా పెట్టుకుంటే పరుగులే. మాకు నాలుగు గంటలు ఉన్నా, అందులో దాదాపు రెండు గంటలు వరుసల్లోనే గడిచాయి. తినుబండారాలు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఉన్నాయని చెప్పి పేర్లన్నీ వరసగా చదివాను. ఎండు రొయ్యలు అన్నప్పుడు ఆ అధికారి కనుబొమ్మలు ఎగరేశాడు గానీ ఏమీ అనలేదు. ఆరు నెలల దాకా ఉండవచ్చని నమోదు చేశాడు. దానివల్ల న్యూయార్కులో దిగాక మళ్ళీ ఏ వరుసా లేకుండా నేరుగా పెట్టెల దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి అన్నయ్య దగ్గరికి వెళ్ళాము.

అమ్మ గుమ్మంలో వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. ఆపరేషన్ అయి నెల రోజులు. మోకాలి చిప్ప మార్చిన మర్నాడే ఇంటికి పంపేశారట, ఆ మాట ఫోనులో విన్నప్పుడు నేను నమ్మలేదు. "ఏంటే, పిల్ల నాకంటే పొడుగైపోయింది" అని, వాకర్ వదిలేసి దాని భుజం పట్టుకుంది. వదిన పరుగెత్తుకొచ్చి వాకర్ అందించింది.

మనకు వేసవి సెలవులంటే మే నెల. అక్కడి పిల్లల బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. నా మేనల్లుడూ మేనకోడలూ ఉదయం ఎనిమిది లోపే పసుపుపచ్చ బస్సు ఎక్కేవారు, అన్నయ్య, వదిన ఆఫీసులకు వెళ్ళేవారు. సాయంత్రం దాకా ఇంట్లో అమ్మ, నేను, మా అమ్మాయి మాత్రమే. బావలతో మరదళ్ళతో ఊళ్ళు తిరగవచ్చని ఆశపడిన అమ్మాయి మొదటి వారం ముఖం ముడుచుకునే ఉంది. నాకు మాత్రం అదే అన్నిటికంటే బాగుంది. మేము సెలవుల్లో ఉన్న ఇంటికి వెళ్ళి ఉంటే రోజుకో ఊరు తిరిగి, అమ్మను రాత్రి భోజనాల దగ్గర చూసి తిరిగి వచ్చేవాళ్ళమని నా అనుమానం.

అమ్మ దినచర్య ఫోనులో కనిపించినట్టు లేదు. ఉదయం పదింటికి కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. ఆమె ఏమి చెప్పినా అమ్మ "ఆయ్" అనేది, నాలుగో రోజుకు ఆ అమ్మాయి కూడా "ఆయ్" అనడం మొదలుపెట్టింది. మోకాలు వంచడం ఎన్నిసార్లో మనవరాలు లెక్కపెట్టేది, ఎనిమిది తరువాత అమ్మ ఏకంగా పది అనేసేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఊరి సంగతులు అడిగేది: కొబ్బరికాయల దింపు ఎన్ని రోజులకు చేస్తున్నారు, దింపుకు కూలి ఎంత అయింది, కాయ ధర ఎంత పలుకుతోంది. కొబ్బరి ధర ఆ ఏడాది బాగా పెరిగిందంటే, తాను అక్కడ లేనప్పుడే పెరగాలా అని వాపోయింది.

ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ అమ్మ చేసిన పని చూసి నాకు నవ్వూ దిగులూ కలిసి వచ్చాయి. మే నెలలో అక్కడ ఎనిమిది దాటితే గాని పొద్దు గుంకదు. మన సంధ్యవేళ అనుకుని ఆరున్నరకు అలారం పెట్టుకుని, వంటింటి గట్టు మీది చిన్న మందసం దగ్గరికి వాకర్‌తో వెళ్ళి, ముందు కిటికీ తెర దించి, గది చీకటి చేసి, అప్పుడు దీపం వెలిగించింది. దండం పెట్టుకుని, ఒక నిమిషం ఆగి, మళ్ళీ తెర పైకి లాగింది. ఎండ ఫెళ్ళున లోపలికి వచ్చింది. పొగ పసిగట్టే గంట మోగుతుందని అగరొత్తి మాత్రం వెలిగించదు.

అందరికీ కలిసొచ్చిన సెలవు మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే ఒక్కటే. ఆ మూడు రోజులూ నయాగరా అనుకున్నారు. కారులో ఏడెనిమిది గంటలు అమ్మ కూర్చోలేదు కనుక నేను ఆమెతో ఉండిపోయి అమ్మాయిని పంపాను. జలపాతం చూడలేదేమని ఇక్కడికి వచ్చాక చాలామంది అడిగారు, అడుగుతూనే ఉన్నారు. అమ్మాయి మాత్రం ఆ నీటి తుంపరల్లో కళ్ళజోడు జారవిడిచి విరగ్గొట్టుకుంది. అక్కడ చీటీ లేకుండా కళ్ళజోడు చేయరు, చీటీ కావాలంటే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి, రెండింటికీ అయ్యే డబ్బుకు రాజోలులో ఇంటిల్లిపాదికీ కళ్ళజోళ్ళు వస్తాయి. మిగిలిన రోజులు టేపు అంటించి నెట్టుకొచ్చింది. కళ్ళజోడు ఉన్నవారు రెండోది వెంట తీసుకువెళ్ళడం మంచిది. అలాగే మన సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోకపోతే బ్యాంకు ఓటీపీలు రావు. ఇంటి దగ్గర మేత డబ్బు పంపడానికి మా వారికి నా ఖాతాయే దిక్కు కాబట్టి ఇది నాకు బాగా అక్కరకు వచ్చింది.

బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి ఒక ఆదివారం అమ్మను చక్రాల కుర్చీలో తీసుకువెళ్ళాము. దర్శనం కంటే అక్కడి క్యాంటీనులో పులిహోర తింటున్నప్పుడు ఎదురైన మలికిపురం ఆవిడే అమ్మకు ఎక్కువ సంతోషం ఇచ్చింది. ఇద్దరూ అరగంటలో ఆరు ఊళ్ళ చుట్టరికాలు కలిపేశారు.

జూన్ 7న బయలుదేరాము. విమానాశ్రయానికి రావద్దని అమ్మను మేమే ఆపాము. బడి 12న తెరిచారు, మొదటి వారమంతా మధ్యాహ్నం మూడు గంటలకు కళ్ళు మూసుకుపోయేవి. అమ్మాయికి ఇంటర్ మొదటి తరగతులు కొన్ని పోయాయి.

మొత్తం ఖర్చు పాస్‌పోర్టులు, వీసాలు, హైదరాబాదు ప్రయాణాలు, టికెట్లు, ఆరోగ్య బీమా, బహుమతులు కలిపి మూడున్నర లక్షలు దాటింది. అక్కడ బస, భోజనం అన్నయ్యవే. ఇందులో తగ్గించుకోగలిగింది టికెట్ల దగ్గరే, అదీ శాఖ అనుమతి వేళకు వస్తే. వీసా ఇద్దరికీ పదేళ్ళకు ఇచ్చారు. అమ్మాయి పాస్‌పోర్టు ఐదేళ్ళదే అయినా, గడువు తీరిన పాతదాన్ని కొత్తదానితో కలిపి తీసుకువెళితే అందులోని వీసా చెల్లుతుంది.

అమ్మ ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. పిల్లల సెలవులు చూసుకుని వచ్చే జూలైలో అందరూ కలిసి ఇక్కడికి వస్తామంటున్నారు. అప్పటికి మా బడి నడుస్తూ ఉంటుంది కాబట్టి నా సెలవులు ఇప్పటినుంచే పొదుపుగా వాడుకుంటున్నాను. వాళ్ళు వచ్చినప్పుడు నేను పెట్టే సెలవుకు మాత్రం ఏ దస్త్రమూ పైకి వెళ్ళనక్కరలేదు, హెడ్మాస్టరుగారి సంతకం చాలు.